మూడు దెబ్బల నడక, నాలుగు దెబ్బల నడక

రీమిక్స్ అంటే ఉన్నదానికి ఇంకొంత కలపడమే అన్న నమ్మకం మన దగ్గర బలంగా పాతుకుపోయింది. పాత పాట దొరికితే చాలు, కింద బరువైన కిక్ పెడతారు. మధ్యలో సైరన్ మోగిస్తారు. ఉండుండి డీజే పేరు అరిపిస్తారు. వేగం పెంచి గాయని గొంతును సన్నగా చేసేస్తారు. తెలంగాణలో రోడ్‌షో మిక్స్ పేరుతో వచ్చే ట్రాకుల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. మినిమల్ టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం చేసేవాళ్లది దీనికి ఎదురు దారి. ఉన్నదాంట్లోంచి ఒక్కొక్కటీ తీసేస్తూ పోతారు. ఇంకొక్కటి తీస్తే కూలిపోతుందనిపించే చోట ఆగి, అక్కడి నుంచి ఆడిస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి వినాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అందుకు హైదరాబాద్ శివారు కోకాపేట కంటే తగిన చోటు నాకు కనిపించలేదు. ఇక్కడ రెండూ ఒకే సాయంత్రం, ఒకే రోడ్డుకు ఆ పక్కా ఈ పక్కా నడుస్తుంటాయి.

కోకాపేట గురించి బయటివాళ్లకు ఎక్కువగా తెలిసింది భూమి ధరే. 2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో హెచ్‌ఎండీఏ వేసిన వేలంలో ఒక ప్లాటు ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ నేల మీద ఇప్పుడు క్రేన్లు, సగం లేచిన టవర్లు. దగ్గర్లోనే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులు, వారాంతాల్లో కిక్కిరిసే పబ్బులు. వీటన్నిటి మధ్య పాత ఊరు. ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో వినాయకుడి ఊరేగింపు, డీసీఎం బండి మీద మేడలా పేర్చిన బాక్సులు.

ఈ ప్రాంతంలో మినిమల్ టెక్నో వినిపించేది పబ్బుల్లో కంటే హెడ్‌ఫోన్లలో ఎక్కువ. కోడ్ రాసేటప్పుడు మాటలున్న పాట అడ్డొస్తుందని మాటల్లేని, మలుపుల్లేని బీటు పెట్టుకునేవాళ్లు ఇక్కడి ఆఫీసుల్లో చాలామంది. కాళ్ల కోసం పుట్టిన సంగీతం కుర్చీకి పరిమితం కావడం నాకు బాధ కలిగిస్తుంది. అలా విన్నప్పుడు అది పని సాగడానికి పనికొచ్చే గది శబ్దంలా మిగిలిపోతుంది. పక్క వీధిలో తీన్‌మార్‌కు ఎగిరే కుర్రాళ్లతో దానికేమీ చుట్టరికం లేదనిపిస్తుంది. కానీ చుట్టరికం ఉంది, అదీ చాలా దగ్గరిది.

మొదట ‘స్పాస్టిక్’ తీసుకుందాం. రిచీ హాటిన్ ప్లాస్టిక్‌మాన్ పేరుతో 1993లో విడుదల చేసిన ట్రాక్ ఇది. హాటిన్ ఇంగ్లండులో పుట్టి కెనడాలోని విండ్సర్ శివారులో పెరిగాడు. నది దాటితే అవతల డెట్రాయిట్. తొమ్మిది నిమిషాలకు పైగా సాగే ఈ ట్రాకులో రాగం లేదు, గొంతు లేదు. ఉన్నదల్లా రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ శబ్దాలు. ఆ యంత్రం మీద వరుసగా పదహారు మీటలుంటాయి, ఒక్కో మీట ఒక్కో అడుగు. ఏ అడుగులో ఏ దెబ్బ పడాలో నొక్కి పెడితే ఆ వరుస తిరుగుతూనే ఉంటుంది. హాటిన్ స్నేర్ దెబ్బల్ని దట్టంగా పరిచి, వాటి బరువును మారుస్తూ పోతాడు. ఒకచోట అవి ఉరిమినట్టు ముందుకొస్తాయి, మరోచోట పలచబడి దాదాపు మాయమవుతాయి. మొదట్లో చెవి విసుగుపడుతుంది. కాసేపటికి లొంగుతుంది. ఆ తర్వాత దెబ్బకూ దెబ్బకూ మధ్య తేడాలు తానే వెతుక్కుంటుంది. మినిమల్ పనిచేసే తీరంతా ఇక్కడే ఉంది: శబ్దాల సంఖ్య తగ్గిన కొద్దీ ఒక్కో శబ్దంలో జరిగే చిన్న మార్పు పెద్ద సంఘటన అవుతుంది.

దీని పక్కన చేత్తో కొట్టే తీన్‌మార్‌ను పెట్టండి. దాని వేరు హైదరాబాద్ మర్ఫాలో ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన ఆఫ్రికా సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు ఆ వాద్యాన్ని ఇక్కడికి తెచ్చారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న ఏసీ గార్డ్స్, అరబ్బులు స్థిరపడిన బార్కస్ ఆ చరిత్రకు ఇప్పటికీ నిలిచి ఉన్న పేటలు. మర్ఫా, డోలు, కర్రలతో కొట్టే స్టీలు బిందె, ఇవే పరికరాలు. ఇందులోనూ రాగం లేదు, గొంతు లేదు. ఒక వాద్యం మూల నడకను పట్టుకుని వదలదు. మిగతావాళ్లు దాని మీద ఉరవడి పెంచుతారు, ఒక్కసారిగా ఆపేస్తారు, మళ్లీ అందుకుంటారు. హాటిన్ మీటల మీద చేసిన పనినే వీళ్లు మణికట్టుతో చేస్తారు.

తేడా ఎక్కడుందంటే, తీన్‌మార్ కొట్టేవాడి కళ్లు ఆడేవాడి కాళ్ల మీద ఉంటాయి. పెళ్లికొడుకు మేనమామ అలసిపోయాడా, ఇంకొక్క జోరు తట్టుకుంటాడా అన్నది చూసి వేగం మారుస్తాడు. ఆ సంభాషణ ‘స్పాస్టిక్’ రికార్డులో ఉండదు. యంత్రానికి అలసట లేదు, ఎవరి వైపూ చూడదు. కానీ హాటిన్‌కు ఉన్న నిగ్రహం మన బ్యాండుల్లో అరుదు. మనవాళ్లు జోరు అందుకున్నాక దిగిరారు. పది నిమిషాల్లో శిఖరానికి ఎక్కి అక్కడే నిలబడి ఊపిరాడనివ్వరు. నిగ్రహంలో ‘స్పాస్టిక్’కు, మనిషిని చూసి మారే గుణంలో తీన్‌మార్‌కు నేను మార్కులేస్తాను. ఈ రెండు గుణాలూ ఒకచోట ఉన్న సంగీతం ఉంటే దానికోసం ఎంత దూరమైనా వెళ్తాను.

నడకలో ఇంకో తేడా ఉంది, అది లెక్కకు సంబంధించినది. టెక్నోది చతురశ్రం. నిమిషానికి 120, 130 కిక్కులు, ప్రతి కిక్కునూ నాలుగుగా చీల్చుకుంటూ సాగుతుంది. తీన్‌మార్‌ది తిశ్రం, ప్రతి దెబ్బ లోపలా మూడు అడుగులు. ఆ మూడులోనే ఊగుడు ఉంది, ఒక భుజం ముందుకు పడి మరో భుజం దాన్ని వెనక్కి లాగే కదలిక ఉంది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక దాకా వెళ్లిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ పాటదీ ఈ ఆరు-ఎనిమిది తాళమే. ఊరి దరువులకు ఊగే కాలు ఏ దేశంలోనైనా ఊగుతుందని అది చూపించింది. మంచి రోడ్‌షో మిక్స్ చేసే కుర్రాడికి ఈ లెక్క చదివి కాకుండా చేతి అలవాటుగా తెలుసు. కిక్ నాలుగుగా పడుతున్నా, ఒక్కో కిక్ లోపల మూడు అడుగులను అలాగే ఉంచుతాడు. అప్పుడు రెండు నడకలూ బతుకుతాయి. చేత కానివాడు తీన్‌మార్‌ను సాగదీసి నాలుగులోకి ఇరికిస్తాడు. ఊగుడు పోతుంది, చప్పుడు మిగులుతుంది. పబ్బుల్లో ‘ఫోక్ టెక్నో’ పేరుతో వినిపించేవాటిలో ఈ రెండో రకమే ఎక్కువని నా చెవి చెబుతోంది.

మినిమల్ మనకు పరాయిదనేవాళ్లకు ఒక మాట చెప్పాలి. కర్ణాటక సంగీత కచేరీలో కూర్చున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. త్యాగరాజ కృతిలో పల్లవి ఒకే పంక్తి, కానీ సంగతి మారిన ప్రతిసారీ ఒక స్వరం కాస్త పైకి వెళ్లి వస్తుంది. ముందు సంగతిని గుర్తుంచుకున్నవాడికే తర్వాతి సంగతిలోని ఆనందం అందుతుంది. తని ఆవర్తనంలో తాళవాద్యాలే మాట్లాడతాయి, రాగం పక్కకు తప్పుకుంటుంది. అయితే తని చివర కోర్వై అనే ముగింపు లెక్క వచ్చి పాట దగ్గర దిగి తీరుతుంది. ఆ దిగడం కోసమే సభంతా వేళ్లు లెక్కబెడుతుంది. మినిమల్ టెక్నో దిగదు. ఆ దిగకపోవడం కొందరికి శూన్యంగా తోస్తుంది. నాకు అది దాని ధైర్యంగా కనిపిస్తుంది.

మినిమల్ అన్నది జర్మనీ పబ్బుల షోకు అనుకునేవాళ్లు రాబర్ట్ హుడ్ దగ్గరకు వెళ్లాలి. డెట్రాయిట్ నల్లజాతి సంగీతకారుడు. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్‌తో పాటు అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందంలో ఉన్నాడు. 1994లో మిల్స్ లేబుల్ యాక్సిస్ నుంచి ‘మినిమల్ నేషన్’ తెచ్చాడు. అందులో ఒక ట్రాక్ పేరు ‘యూనిక్స్’. ఐటీ కారిడార్‌లో ఉండేవాళ్లకు ఆ పేరు దగ్గరగా వినిపిస్తుంది. ఆ రోజుల్లో యూరప్ రేవ్ సంగీతం రోజురోజుకూ వేగంగా, నిండుగా, హడావిడిగా తయారవుతోంది. హుడ్ వెనక్కి తిరిగి ఒక డ్రమ్, ఒక చిన్న సింథ్ ముక్క, వాటి మధ్య ఖాళీ, ఇంతే మిగిల్చాడు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్లో పెరిగిన ఒక నల్లజాతి యువకుడు తన సంగీతాన్ని మళ్లీ తన చేతుల్లోకి తీసుకున్న తీరది. దాన్ని ఆఫీసు ప్లేలిస్టుగా వాడుకునే మనం ఆ మూలాన్ని మరచిపోకూడదు.

అదే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. ఈ రెండింటికీ సంబంధం లేదు, ఉందని నేను చెప్పను. కానీ హుడ్ డ్రమ్మును విన్నప్పుడు దండోరా డప్పునూ పక్కన పెట్టి వినాలనిపిస్తుంది. ఊరికి కబురు చెప్పడానికి, చావుకి, జాతరకి ఎవరు పిలిస్తే వాళ్లకు కొట్టాల్సి వచ్చిన డప్పును, తమ మాట చెప్పడానికి మాదిగలు తమ చేతుల్లోకి తీసుకున్నారు. మేకతోలు, చెక్క చట్రం, కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నటి పుల్ల, తోలు బిగియడానికి కాసేపు మంట సెగ. ఇంత తక్కువ సరంజామాతో పెళ్లికి వేరు, చావుకు వేరు, జాతరకు వేరు దరువులు పలికిస్తారు. తక్కువతో ఎక్కువ చెప్పడం అన్న మాట మినిమల్ మీద రాసేవాళ్లంతా వాడతారు. ఆ మాటకు డప్పు కంటే పాత, గట్టి సాక్ష్యం నాకు తెలియదు.

ఇప్పుడు అసలు పోలికకు వస్తాను. రికార్డో విల్లాలోబోస్ 1970లో చిలీలో పుట్టాడు. 1973లో పినోషే కుట్ర తర్వాత అతని కుటుంబం జర్మనీకి వలస వెళ్లింది. 2006లో అతను ప్లేహౌస్ లేబుల్ మీద ‘ఫిజ్‌హోయర్ జీహోయర్’ తెచ్చాడు. నిడివి 37 నిమిషాలు. దాని గుండెలో ఉన్నది సెర్బియాలోని వ్రాన్యె ప్రాంతపు రోమా ఇత్తడి వాద్యబృందం, బకియా బకిచ్ బ్యాండు వాయించిన చోచెక్. చోచెక్ అంటే అక్కడి పెళ్లిళ్లలో జనాన్ని లేపి ఆడించే బాణీ. ఆటోమన్ సైన్యపు బ్యాండుల నుంచి రోమాల చేతుల్లోకి వచ్చి, వీధుల్లో పెరిగింది. సైన్యం తెచ్చిన వాద్యం, సైన్యం పోయాక పెళ్లి ఊరేగింపులో బతకడం: మర్ఫా కథా అచ్చం ఇదే. మన ఊళ్లలో క్లారినెట్లు, బాకాలతో సినిమా పాటలు వాయించే బ్యాండుమేళాన్ని గుర్తు తెచ్చుకున్నా తప్పులేదు.

విల్లాలోబోస్ ఆ ఇత్తడి పలుకును ఏం చేశాడు? ముందు చాలాసేపు రానివ్వడు. చెక్క మీద గీసినట్టు, నీటిచుక్క పడినట్టు చిన్నచిన్న తాళవాద్యాలు గుసగుసలాడుతూ ఉంటాయి. తర్వాత బాకా ఒక్కసారి పలికి ఆగిపోతుంది. పూర్తి బాణీ కాదు, దాని మొదటి కొస. మళ్లీ చాలాసేపు ఏమీ ఉండదు. మరోసారి వస్తుంది, ఈసారి కాస్త దూరం నుంచి, కాస్త వంగి. పెళ్లి ఎక్కడో జరుగుతోంది, మనం దాని చుట్టూ ఉన్న వీధుల్లో తిరుగుతున్నాం, గాలి ఇటు వీచినప్పుడల్లా బ్యాండు వినిపిస్తోంది. 37 నిమిషాలూ వినేవాడిని అలా వీధుల్లోనే ఉంచుతాడు. పెళ్లి పందిట్లోకి తీసుకెళ్లడు. మొదటిసారి విన్నప్పుడు చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఓపిక పట్టినవాళ్లకు, ఆ బాకా వచ్చే ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

దీని పక్కన మన రోడ్‌షో మిక్స్. ఒక జానపద పాట తీసుకుంటారు, సాధారణంగా ఈమధ్య యూట్యూబ్‌లో బాగా ఆడిన పాట. మొదటి పది సెకన్లలో డీజే పేరు, సైరన్, కౌంట్‌డౌన్. పదకొండో సెకనులో పల్లవి, తీన్‌మార్, కిక్, సింథ్ అన్నీ కలిసి మీద పడతాయి. అక్కడి నుంచి మిక్స్‌కు ఎక్కడికీ వెళ్లే దారి లేదు. ఉన్నదంతా ముందే ఖర్చుపెట్టేశారు. అందుకే ఊరేగింపులో రెండో పాటకల్లా డీజే ముందు ఒక్క మార్గమే మిగులుతుంది: శబ్దం పెంచడం. డీసీఎం మీది బాక్సుల సంఖ్య ఏటేటా పెరగడానికి డబ్బు, పోటీ, పంతం కారణాలే. వాటికి తోడు సంగీతపరమైన కారణం ఇదొకటి ఉందని, అది ఎవరి దృష్టికీ రావడం లేదని నా అభిప్రాయం. నిండుగా మొదలైన ట్రాకుకు ఊపు తేవాలంటే చెవులు చిల్లులు పడాల్సిందే. ఖాళీగా మొదలైనదానికి ఒక్క గజ్జె చేర్చితే చాలు.

ఒక విషయంలో మాత్రం రోడ్‌షో డీజే విల్లాలోబోస్ కంటే మేలు. డీజే పెళ్లి పందిట్లోనే ఉన్నాడు. ఎవరి పాటతో ఆడిస్తున్నాడో వాళ్లే ఎదురుగా ఆడుతున్నారు. ‘ఫిజ్‌హోయర్’ రికార్డు విల్లాలోబోస్ పేరుతో బెర్లిన్ క్లబ్బుల్లో తిరిగింది. వ్రాన్యెలో బాకా ఊదినవాళ్ల పేర్లు ఎందరు శ్రోతలకు తెలుసు? మన దగ్గరా జానపద గాయనుల పేర్లు డీజే అరుపుల కింద కొట్టుకుపోతున్నాయి. రెండుచోట్లా అదే నష్టం. కాకపోతే విల్లాలోబోస్ ఆ బాకా పలుకు చెడిపోకుండా చూశాడు. మనవాళ్లు పాడినమ్మ పేరునూ వదిలేసి, గొంతునూ పాడుచేస్తున్నారు.

సినిమా రీమిక్సుల గురించి ఎక్కువ చెప్పను. 1990 ‘కొండవీటి దొంగ’లో ఇళయరాజా పాటను 2013లో ‘నాయక్’ కోసం తమన్ మళ్లీ చేశాడు. 1991 ‘గ్యాంగ్ లీడర్’లో బప్పీ లహరి పాటను 2012లో ‘రచ్చ’ కోసం మణిశర్మ చేశాడు. రెండుచోట్లా కారణం ఒకటే, తండ్రి ఆడిన పాటకు కొడుకు ఆడాలి. అభిమానికి అది పండగే, ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కానీ సంగీతంగా చూస్తే పాత పాట నిలబడ్డ చోటే నిలబడి కొత్త బట్టలు కట్టుకుంది. 2008లో డెట్రాయిట్ కార్ల్ క్రెగ్, బెర్లిన్ మోరిట్జ్ వాన్ ఓస్వాల్డ్ కలిసి డాయిష్ గ్రామఫోన్ కోసం ‘రీకంపోజ్డ్’ చేశారు. కారాయాన్ నడిపిన బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ రికార్డింగుల్లోంచి రావెల్, ముసోర్గ్‌స్కీ రచనల ముక్కలు తీసుకున్నారు. రావెల్ ‘బొలేరో’ అసలే ఒకే స్నేర్ దరువు మీద నిలబడిన రచన. వీళ్లు ఆ దరువునూ ఇత్తడి తునకలనూ తిప్పి తిప్పి, అందరికీ తెలిసిన బాణీ కోసం మనల్ని ఎదురుచూసేలా చేస్తారు. తెలిసిన పాటను తెలిసినట్టే మళ్లీ వినిపించడంలో ఇంత ఎదురుచూపు పుట్టదు. ఇళయరాజా పాటలో ఆ వయొలిన్ల పలుకు ఒక్కదాన్ని పట్టుకుని పది నిమిషాలు తిప్పే ధైర్యం మన సినిమా సంగీత దర్శకుల్లో ఒక్కరికైనా రావాలని నా కోరిక.

భక్తి విషయానికి వస్తే పోలిక ఇంకా ఆసక్తికరం. రాబర్ట్ హుడ్ తర్వాతి రోజుల్లో క్రైస్తవ బోధకుడయ్యాడు. ఫ్లోర్‌ప్లాన్ అనే పేరుతో, ఇప్పుడు కూతురు లిరిక్‌తో కలిసి, చర్చి గానాన్ని డాన్స్ ఫ్లోర్ మీదికి తెచ్చాడు. 2013 ఆల్బమ్ ‘ప్యారడైజ్’లోని ‘నెవర్ గ్రో ఓల్డ్’లో అరీథా ఫ్రాంక్లిన్ భక్తి గానపు గొంతు వినిపిస్తుంది. 2024లో వచ్చిన ‘ది మాస్టర్స్ ప్లాన్’ కూడా ఆ దారిలోనిదే. మినిమల్ మనిషి ఇంత నిండైన గొంతును ఎలా వాడాడన్నది గమనించాల్సిన విషయం. ఆ గొంతుతో పోటీపడే శబ్దం ఒక్కటీ పెట్టలేదు. కిక్, చప్పట్లు, పియానో మెట్లు. అరీథా ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ చోటు వదిలాడు. ఆడుతున్నవాడు చెమటలో ఉండగానే అది ప్రార్థన అవుతుంది.

బోనాల డీజే పాటలకూ ఇదే లక్ష్యం. అమ్మవారి పాట, ఆడే జనం, పోతరాజు కొరడా, నెత్తిన బోనం. ఏ చర్చికీ తీసిపోని బలం ఉంది అక్కడ. బోనం ఎత్తుకున్న ఆడమనిషి డప్పుకు శివమూగడం చూసినవాళ్లకు తెలుసు, ఒకే దరువు ఆగకుండా తిరగడం మనిషిని ఎంత దూరం తీసుకెళ్తుందో. ఆ పూనకానికి పునాది పునరావృత్తి. మినిమల్‌కూ అదే పునాది. కానీ బోనాల మిక్సుల్లో నలభై సెకన్లకోసారి పాట మారుతుంది, బీటు తెగుతుంది, కొత్త అరుపు వస్తుంది. పూనకం రావడానికి కావాల్సిన ఒక్కటంటే ఒక్క వస్తువును, ఆగని దరువును, వాళ్లే తెంచేస్తున్నారు. గొంతు వేగం పెంచడం నాకు మరీ మనసుకు కష్టం కలిగించే సంగతి. ఒగ్గు కథల్లో, బతుకమ్మ పాటల్లో పండిన గొంతుల్లో గరుకు ఉంటుంది, ఆ గరుకులోనే వయసూ నమ్మకమూ ఉంటాయి. దాన్ని చిన్నపిల్ల గొంతులా మార్చాక మిగిలేది ఏమిటి?

మన దేశంలో యంత్రం మీద రాగాన్ని పెట్టినవాళ్లలో చరణ్‌జిత్ సింగ్ పేరు ముందు చెప్పుకోవాలి. ముంబై సినిమా వాద్యకారుడాయన. 1982లోనే టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాలు వాడి పది రాగాలను డిస్కో బీటు మీద వాయించాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో బాంబే కనెక్షన్ లేబుల్ మళ్లీ విడుదల చేశాక, 1987లో షికాగో నుంచి వచ్చిన ‘యాసిడ్ ట్రాక్స్’కు ఐదేళ్ల ముందే ఇలాంటి ధ్వని ముంబైలో పలికిందని ప్రపంచం నోరు తెరిచింది. 303లో ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే సౌకర్యం ఉంది. అది గమకానికి ఎంత దగ్గరో ఆయన చెవి పట్టుకుంది. హైదరాబాద్ నుంచి వచ్చిన మూర్తోవిక్, తిరుడాతో కలిసి ‘ఎల్స్‌వేర్ ఇన్ ఇండియా’ నడుపుతున్నాడు. అందులో మన సంగీత, నాట్య సంప్రదాయాలు ఎలక్ట్రానిక్ ధ్వనితో కలుస్తాయి. ఈ పనులన్నీ విలువైనవే. కానీ మనవాళ్లు యంత్రాన్ని ముట్టుకున్నప్పుడు చూపు ఎక్కువగా రాగం వైపు, శాస్త్రీయం వైపు వెళ్తోంది. వీధిలో దరువు ఉంది, యంత్రానికి రాగం కంటే దరువే దగ్గరి బంధువు. మర్ఫాను విల్లాలోబోస్ ఓపికతో, హుడ్ పొదుపుతో విన్న రికార్డు నా చేతికింకా రాలేదు.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు తమ పరిధిలో మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. ముసలివాళ్లు, చంటిపిల్లలు, గుండె జబ్బులవాళ్లు ఉన్న వీధుల్లో ఆ బాక్సుల దెబ్బ ఎలా ఉంటుందో తెలిసినవాడిగా నేను ఆ ఆదేశాన్ని తప్పుపట్టను. అయితే అది సంగీతకారులకు ఒక తలుపు తెరుస్తుందని కూడా అనుకుంటున్నాను. శబ్దం పెంచే దారి మూసుకుపోయినప్పుడు, ఊపు తేవడానికి ఇంకేం దారులున్నాయో వెతకాల్సి వస్తుంది. హుడ్ ముప్పై ఏళ్ల కిందట వెతుక్కున్న దారి వాటిలో ఒకటి.

మన డీజేలకు ఆ దారి పూర్తిగా తెలియదనడం కూడా అన్యాయమే. ప్రతి రోడ్‌షో మిక్స్‌లోనూ, ఎంత నాసిరకం దాంట్లోనైనా, ఒక పాట నుంచి మరో పాటకు మారే చోట ఒక చిన్న వంతెన ఉంటుంది. పల్లవి అయిపోయింది, తర్వాతి పాట ఇంకా రాలేదు, సింథ్ ఆగింది, అరుపు ఆగింది. పదిహేను, ఇరవై సెకన్ల పాటు ఉత్త తీన్‌మార్ ఒక్కటే తిరుగుతుంది, కింద కిక్ కూడా ఉండదు. ఊరేగింపులో జనాన్ని గమనించండి. పాట ఉన్నప్పుడు చేతులు పైకెత్తి పెదవులు కదిలించేవాళ్లు, ఆ వంతెన దగ్గర నిజంగా ఆడతారు. మోకాళ్లు వంగుతాయి, అడుగులు చిన్నవవుతాయి, భుజాలు తిశ్రంలో ఊగుతాయి, ఎవరో ఒకడు వృత్తం మధ్యలోకి దూకుతాడు. డీజేకు అది తర్వాతి పాటను సిద్ధం చేసుకునే వ్యవధి మాత్రమే. ఆ ఇరవై సెకన్లను ఇరవై నిమిషాలు చేయమని నేను అడుగుతున్నాను. ముందు స్టీలు బిందె ఒక్కటి. రెండు నిమిషాలకు మర్ఫా. ఆరో నిమిషం దాకా కిక్ వద్దు. గాయని గొంతు పదో నిమిషంలో ఒకే ఒక్కసారి, ఆమె పాడిన వేగంలోనే, ఆమె పేరు ట్రాకు మీద రాసి.